బూచిగాడి క్షవరం

అక్కా,

నువ్వు ఊరెళ్తూ మాకు అప్పగించిన నీ కుక్క కులాసా. నీ మరిది సంగతే చెప్పాలి.

బొచ్చు ఉండలు కట్టిందని బూచిగాణ్ణి బాల్కనీలో కూర్చోబెట్టి కత్తెర తీశాను. వాడు ఒకటే గుర్రుమనడం. "ఇంతోటిదానికి భయమెందుకురా? నన్ను చూడు!" అంటూ మా ఆయన మెడకి తువ్వాలు చుట్టుకుని ముందు కూర్చున్నారు. ఆయన జుట్టు కాస్త కత్తిరించేసరికి వాడు బుద్ధిగా వీపు అప్పగించాడు. అంతే, అలవాటైపోయింది. కాళ్ల దగ్గరికొచ్చాక, ప్రతి కాలికీ ముందు ఆయన వంతు అవ్వాల్సిందే.

వాడికింకా తోకా, చెవులూ ఉన్నాయి. ఆయనకి మిగిలింది మీసం ఒక్కటే. దానికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "మీ అక్కని వెంటనే రమ్మను" అంటున్నారు.

నీ చెల్లి