సందు లేని బొక్క

రాజవ్వా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. కుంటుడు ఎక్కువైందని మన సుజాతను కామారెడ్డి డాక్టరు దగ్గరికి తీస్కపోయిన. ఏడేండ్ల కింద నువ్వు పొమ్మన్నప్పుడు పోలేదు. ఊరందరి బొక్కలు అతికిచ్చేటోణ్ణి, నా బిడ్డను ఇంకొకని చేతిల పెడ్తనా అన్న.

అది గడ్డిబండి మీదికెల్లి పడ్డప్పుడు, కుడి మోకాలి కాడ ఇరిగిన బొక్కను నేనే ఒత్తిన. గుడ్డు సొన, మినుపపిండి పూసి వెదురు బద్దలు కట్టిన. కట్టు ఇప్పినంక బొటనవేలుతోని తడిమి, "సూడు, సందే లేదు" అని నీకు గొప్పగ సూపిచ్చిన.

ఇయ్యాల డాక్టరు రెండు కాళ్ల ఎక్స్‌రేలు కిటికీకి పెట్టిండు. ఎడమ మోకాలి కాడ సన్నని నల్లగీత ఉంది. కుడిదానికి లేదు.

"పిల్లలకు గాడ చెవి డొప్ప లెక్క మెత్తటి పొర ఉంటది, గా నల్లగీత అదే. బొక్క పెరిగేది ఆన్నుంచే. కుడికాలుకు అది మూసుకపోయింది. ఇగ పెరుగదు" అన్నడు. నీ కట్టుతోనే అయిందని చెప్పలేనని గూడ అన్నడు. నాకు మాత్రం నా బొటనవేలే యాదికొచ్చింది.

ఎల్లారెడ్డి బస్సుల తాడ్వాయి దాటినంక బిడ్డ నా దిక్కు తిరిగింది. పద్నాలుగేండ్లది. ఎడమకాలు ఇంకా పొడుగైతనే ఉంది.

"బాపూ, కోపం రాకుంటే ఒకటి అడుగుత" అన్నది.

"అడుగు బిడ్డా."

"ఈ మంచి కాలుకు గూడ నువ్వే కట్టు కట్టరాదా? ఇది గూడ పెరుగకుండ ఆగుతది."