రోజుకొక మనిషి

నవంబరు 3, సోమవారం

నా రాత బాగుండదు. తప్పులు కూడా వస్తాయి. అయిదో తరగతి దాకా చదివి, ఆ తర్వాత యాభై ఏళ్ళు గొర్ల వెంట తిరిగిన చెయ్యి ఇది. చదివేవాళ్ళెవరైనా ఉంటే మన్నించాలి. ఎవరుంటారులే.

గిద్దలూరు ఆసుపత్రికి పోయి వచ్చాను. నిద్ర లేదు, అన్నం సహించదు, ఒళ్ళంతా బరువు అని చెప్పాను. డాక్టరమ్మది చిన్న వయసు. గుండె చూసింది, రక్తం చూసింది. ఆఖరున, రోజూ ఎవరితో మాట్లాడతావు తాతా అని అడిగింది. ఆలోచించాను. వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి, మొదటి వేలు దగ్గరే ఆగాను. ఆమె రాసుకోవడం ఆపి నా మొహం చూసింది.

"ఇది మనసుకు వచ్చిన జబ్బు తాతా. మాత్రలు ఇస్తా. వాటితో పాటు రోజుకొక మనిషితో మాట్లాడాల. నెలకు మళ్ళీ రా."

నోట రానిది నోటుబుక్కులో రాసుకో, ఎవరికీ చూపించక్కర్లేదు అని కూడా అంది. అందుకే ఇది.

నవంబరు 4

ఎవరూ లేరు. తుంపర.

నవంబరు 5

టీ హోటలు దాకా పోయాను. రోడ్డుకు ఇవతలే నిలబడ్డాను. బల్ల మీద నా ఈడువాళ్ళు నలుగురు. అక్కడ ఒక పద్ధతి ఉంది — ఈ రోజు ఒకడు అందరికీ టీ చెబుతాడు, రేపు ఇంకొకడు. వంతు. ఎవరూ అడగరు, ఎవరూ మరవరు. గొర్లు అమ్మినాక చేతిలో రూపాయి ఆడక నా వంతు రెండుసార్లు తప్పించుకున్నాను. ఆ తర్వాత పోవడమే మానేశాను. చూస్తే రమ్మని పిలుస్తారు, మంచివాళ్ళే. పిలిస్తే తాగాలి. తాగితే...

వాళ్ళు చూడకముందే తిరిగి వచ్చాను.

నవంబరు 6

పక్కింటి రంగమ్మ గిన్నెలో గోంగూర తెచ్చింది. తింటావా అన్నా అంది. ఆఁ అన్నాను. అది మాట కిందికి వస్తుందా?

నవంబరు 8

ఓబులేసు సంగతి రాయాలి. నా మంద కొన్నవాడు, వరసకు అల్లుడు. రెండేళ్ళు వానల్లేవు. ఫ్లోరైడు బోరు నీళ్ళు తాగి తాగి నా మోకాళ్ళు బిగుసుకుపోయి కొండకు తోలలేకపోయాను. అప్పుడే నా ఇల్లాలు లింగమ్మకు జబ్బు. అన్ని జీవాలూ వాడికే ఇచ్చాను. ఆసుపత్రికి సరిపోయింది. మనిషి దక్కలేదు.

పొద్దు వాలేటప్పుడు మంద మా ఇంటి ముందు నుంచే పోతుంది. మొదట్లో గడపలో నిలబడి ఒక కూత వేసేవాణ్ణి, అలవాటు కొద్దీ. ముసలి పొట్టేలు తల తిప్పేది. దాని వెంట సగం మంద మా దొడ్డిలోకి. ఓబులేసు కర్ర పట్టుకుని లోపలికి వచ్చి తోలుకుపోవాలి. ఒకరోజు నవ్వుతూనే చెప్పాడు.

"మామా, మంద పోయేదాంక గొంతిప్పబాక. నీ గొంతింటే మల్లుకుంటాయి. ఇట్లయితే అవి నాకెప్పుడు మరిగేది?"

న్యాయమే. అప్పటినుంచి ఆ వేళకు తలుపు వేసుకుంటాను. దగ్గు వస్తే తువాలు అడ్డం పెట్టుకుంటాను.

నవంబరు 9

తలుపు సందులోంచి చూశాను. చుక్కల గొర్రె నిండు చూలుతో ఉంది. తొలి ఈత. వారంలో ఈనుతుంది.

నవంబరు 11

హనుమంతునిపాడు నుంచి లింగమ్మ చెల్లెలు ఫోను. మనవరాలికి ఓణీల ఫంక్షను, రా బావా అని. వస్తానన్నాను. పిల్లకు బట్టలు పెట్టాలి. ఉత్త చేతులతో పోయినా ఎవరూ ఏమీ అనరు. అనరు, అదే కష్టం.

నవంబరు 13

మాత్రకు నోరు ఎండుతోంది. పడుకుంటే లేవబుద్ధి కాదు.

నవంబరు 16

ఫంక్షనుకు పోలేదు. రోజంతా గోడ వైపు తిరిగి మంచం మీదే.

నవంబరు 19

రెండు రోజులుగా ఇది రాయకుండా తప్పించుకుంటున్నాను.

మొన్న తెల్లవారి ఓబులేసు వచ్చాడు. తలుపు అవతలే నిలబడ్డాడు. చుక్కల గొర్రె ఈనిందట. పిల్లను దగ్గరికి రానివ్వడం లేదట, పొడుస్తోందట.

"మామా, ఉండావా? నా చేత కావడంలా. నువ్వు సాకినదాయె, నువ్వొచ్చి పక్కన కూకుంటే చాలు. లెయ్ మామా."

ఆ పని నాకు తెలుసు. గొర్రెను మూలకు కట్టి, పిల్ల ఒంటికి ఉప్పు రాసి, తల్లి నాకేదాకా దాని చెవి దగ్గర మెల్లగా మాట్లాడుతూ కూర్చోవాలి. అరపూట పడుతుంది. అట్ల ఎన్ని పిల్లలను కలిపానో.

మేలుకునే ఉన్నాను. వస్తున్నా అనే మాట నోట్లోనే ఉంది. చెయ్యి కదల్లేదు. కాలు కదల్లేదు. ఇంకా రెండుసార్లు పిలిచాడు. తర్వాత చెప్పుల చప్పుడు దూరంగా పోయింది.

నాతో పని ఉందని ఎవరన్నా వస్తారా అని ఏడాదిగా చూస్తున్నవాణ్ణి. వస్తే పలకలేదు.

నవంబరు 20

పిల్ల చచ్చిపోయింది. రంగమ్మ చెప్పింది.

నవంబరు 22

నీళ్ళ ట్యాంకరు దగ్గర ఓబులేసు. తల దించుకుని నిలబడ్డాను. వాడే దగ్గరికి వచ్చాడు.

"ఆ పొద్దు హనుమంతునిపాడు ఫంక్షనుకు పోయి ఆన్నే ఉండావేమో గదా మామా. నువ్వు ఊళ్ళో ఉంటే బతికేది అది."

ఆఁ అన్నాను. వాడు నా బిందె ఎత్తి నా భుజాన పెట్టాడు. తిట్టినా బాగుండేది.

ఈ రోజుకు మాట్లాడిన మనిషి, ఓబులేసు. మాట ఒకటే. అదీ అబద్ధం.

నవంబరు 26

వండలేదు. రంగమ్మ గిన్నె కోసం వచ్చింది. ఏందన్నా, వాకిలి ఊడ్సక ఎన్నాళ్ళయింది, తోటకూర మొలిసింది, నేను కోసుకుంటా అంది. నవ్వించాలనే. నవ్వు ఎక్కడో పుట్టింది, పెదాల దాకా రాలేదు. ఆమె తన గిన్నె తీసుకుని పోయింది.

నవంబరు 30, ఆదివారం

రేపు డాక్టరమ్మ రమ్మన్న రోజు. బస్సు పొద్దున్నే. ఎవరెవరితో మాట్లాడావని ఆమె అడుగుతుంది.

అంతకంటే ముందు ఓబులేసుకు చెప్పాలి, ఆ రోజు లోపలే ఉన్నానని. చెబితే వాడు ఇంక నా గడప తొక్కడు. చెప్పకపోతే వస్తాడు, మళ్ళీ ఏదో ఒక గొర్రె కోసం వస్తాడు, మామా అంటాడు. అప్పుడు కూడా నేను లేవను. అది నాకు తెలుసు. అదే భయం.

పోవాల్సింది వాడి ఇంటికా, బస్సుకా... ఈ మంచం విడిచి రెండింటికీ పోగలనా?

నోటుబుక్కా, నెల రోజులుగా నీకు చెప్పినంత ఎవరికీ చెప్పలేదు. నువ్వు ఒక్కసారీ ఆఁ అనలేదు. ఈసారి ఒక్క మాట చెప్పు. బస్సు వచ్చేలోపే చెప్పు.