బూజు గీకిన కొబ్బరి

అక్కా,

ఎలా ఉన్నావని అడిగితే జవాబు ఎవరిస్తారు... నువ్వు పోయి రెండేళ్ల నాలుగు నెలలు. నీ మొగుడిని చేసుకుని, నీ వంటపని తీసుకుని, కువైట్‌లో నీ గదిలోకి నేను వచ్చి పదకొండు నెలలు. అమ్మే పట్టుబట్టింది. అమ్మ సంగతి నీకు తెలుసు కదా.

ఎగైలాలో మన యజమానురాలు మామా ఇల్లు నువ్వు వదిలినట్టే ఉంది. బావ పొద్దున్నే ఆమె పిల్లలను బడిలో దించడానికి కారు తీస్తాడు, నేను వంటింట్లోకి వెళ్తాను. మామా ఇప్పటికీ నన్ను నీ పేరుతోనే పిలుస్తుంది. రెండుసార్లు సరిదిద్దాను. ఖలాస్, ఇక మానేశాను.

అది పోనీలే. నా కడుపు మండేది వేరే దానికి.

వచ్చిన మూడో రోజు బావ నీ వాయిస్ మెసేజ్‌లు నా ఫోన్‌కు పంపించాడు. పద్నాలుగు. తనకు బూజు పడదని, తిండిలో కాస్త ఉన్నా ఊపిరాడదని డాక్టరు చెప్పినప్పటి నుంచి నువ్వు తనకు పంపినవి. విని నేర్చుకోమన్నాడు. కొత్త పెళ్లాం చెవిలో పాత పెళ్లాం గొంతు... ఎలా ఉంటుందో చెప్పు?

"నిన్నటి ఖుబూస్ రొట్టె తినగాకు, వాసన రాకపోయినా సరే."

"చీజు ముట్టగాకు. ఎండుద్రాక్ష వద్దు. యాడన్నా తిన్నావంటే నాకు తెలుస్తాది."

"మామా మిగిలిన అన్నం ఇస్తే తీసుకో. అది నాకు. నీకు వేడిగా వేరే వండినా."

ఒక్కో మెసేజ్ చివర చిన్నగా నవ్వుతావు. ఆ నవ్వు కూడా నేను నేర్చుకోవాలా?

నువ్వు చెప్పినట్టే పూటపూటకూ తాజాగా వండాను. బాగుందని ఒక్కనాడూ అనలేదు. మీ అక్క కూడా ఇట్లే చేసేది అనేవాడు. ఆయన లెక్కలో అదే పొగడ్త. చచ్చి కూడా నా పొయ్యి దగ్గర నిలబడ్డావు కదా అక్కా... అసూయ అనుకో, ఏమైనా అనుకో.

పోయిన నెల రాయచోటి నుంచి వచ్చినామెతో అమ్మ ఎండుకొబ్బరి పంపింది. రెండు చిప్పలకు లోపల నల్లగా బూజు. మన ఇంట్లో ఏం చేస్తాం? కత్తితో గీకి, ఎండలో పెట్టి, వేయించి కారంలో దంచుతాం. అమ్మ పారేయడం ఎప్పుడైనా చూశామా? నీ మెసేజ్‌లన్నీ మళ్లీ విన్నాను. కొబ్బరి మాట ఎక్కడా లేదు. నువ్వు చెప్పని వంట ఒకటి దొరికిందని ఎంత సంబరపడ్డానో. అనుమానం రాలేదంటే అబద్ధం. వచ్చింది. గీకేశాను కదా అని సర్దిచెప్పుకున్నాను.

వేడి అన్నంలో కొబ్బరికారం, నెయ్యి. బావ రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. నీ చెయ్యి మంచిది అన్నాడు. నా చెయ్యి అక్కా, నీది కాదు.

గంట గడవలేదు. గేటు దగ్గర కారుకు ఆనుకుని ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. పెదాలు నీలంగా అయ్యాయి. మామాయే కారు నడిపి ఆసుపత్రికి చేర్చింది. మా అక్క మొగుడిని చంపేశాను అనుకున్నాను. నా మొగుడు అని తోచనేలేదు.

ఏం తిన్నావని నర్సు అడిగితే బయట తిన్నానని చెప్పాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నీకు తెలీదు కదా సుగుణా, పోనీలే అన్నాడు, చుట్టంతో మాట్లాడినట్టు. నాలుగు తిట్టమని నేనే ఏడ్చాను. అప్పుడు చెప్పాడు. మొదట్లో నువ్వూ రాత్రి చపాతీ పొద్దున పెట్టావట. ఊపిరి కుదుటపడ్డాక కంచం తోసేసి అరిచాడట. రెండు రోజులు మాటల్లేవట. ఆ తర్వాతే మొదటి మెసేజ్ వచ్చిందట.

నీదీ తప్పే అని తెలిసి నా మనసు కుదుటపడాలి కదా? పడలేదు. నీతో అంత చనువుగా కొట్లాడాడు. నాతో ఎందుకింత మర్యాద?

మొన్న శుక్రవారం దివానియాలో మగవాళ్ల విందుకు చేసిన మచ్బూస్, అదే ఆ మాంసం అన్నం, మిగిలితే మామా మాకు ఇచ్చింది. శనివారం మధ్యాహ్నం బావకు తాజాగా వండిపెట్టి, నేను ఆ చల్లటి అన్నం పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు చేసేదీ అంతే కదా.

బావ చూశాడు. నా కంచం లాక్కుని చెత్తబుట్టలో బోర్లించాడు. "మీ అక్క గూడా ఇట్లే. నాకు వేడిది పెట్టి, మిగిలింది తాను తిని, కడుపునొప్పిని గూడా నాకు చెప్పకుండా దాచిపెట్టుకుని పాయె. నువ్వు గూడా పోతావా మే? నేను మనిషినా, పశువునా?" అరుపుకు మామా కిటికీ దగ్గరికి వచ్చింది. తలవంచుకుని తిట్లు పడ్డాను. తన అన్నంలో సగం నాకు పెట్టాడు.

తినేటప్పుడు అడిగాను, మిగిలింది తిన్నందుకు అక్కను ఎప్పుడైనా ఇలా తిట్టావా అని. లేదన్నాడు. అన్నేళ్లలో నువ్వేం తింటున్నావని ఒక్కసారీ చూడలేదట. చెప్తూ ఏడ్చాడు.

నీకు దక్కనిది ఒకటి నాకు దక్కింది అక్కా. ఎంత కోరుకున్నానో... తీరా దక్కాక, ఇది నీకు దక్కాల్సింది అనిపించింది. ఆ తిట్టు నువ్వు తినుంటే బతికేదానివేమో కదా?

నేనున్నన్నాళ్లూ బావకు తాజాగా వండుతాను. ఆయన తినేదే నేనూ తింటాను.

నీ చెల్లెలు,
సుగుణ