పెద్ద గాలిపటం

మరిది హర్షవర్ధన్‌కు మీ వదిన రాసేది.

మళ్ళా అలల్లో పలక మీద నిలబడి గాలిపటంతో లాగించుకునే ఆ కైట్‌సర్ఫింగ్‌కు పోతాండావంట, ఆ పెద్ద గాలిపటం పంపమన్నావు. మీ అన్న ఎట్లుండాడో మాత్రం అడగలేదు.

ఆ పొద్దు సముద్రం కాడ మీ అన్న, "ఈడ అల కూడా మనిషిని లాగుతాది, చిన్న పటం చాలు" అన్నాడంట కదా. "చిన్నది పడితే ఊర్లో నవ్వుతారన్నా, మన ఇంటి మగోళ్ళు చిన్నది పడతారా?" అని పెద్దది చేతికిచ్చింది నువ్వే. ఓర్వకల్లు బీడు భూముల్లో లేచే దుమ్ము చూసి గాలి అంచనా వేసేటోనివి, నీకు అలల సంగతి ఏం తెలుస్తాది!

ఆ పెద్ద పటం ఎత్తి పడేసి నడుము ఇరిగినప్పటి నుంచి మీ అన్నకు మంచమే గతి. ఇంట్లో ఉడకపోతకు తట్టుకోలేకపోతాంటే మంచం వాకిట్లో వేసి, నీడకు ఆ పటమే పైన కట్టినా. కావాలంటే నువ్వే రా. ఆయన చూస్తాండంగా విప్పుకోని పో.