గేటు నుంచి అరవై మూడు అంగలు

అబిడ్స్,
16-09-2025.

పాత శ్మశానాల నమోదు పథకం ప్రత్యేకాధికారి గారికి,

అయ్యా,

విషయం: నాంపల్లి పాత శ్మశానం గేటుకు పెట్టబోయే జీపీఎస్ పటంలో నా పేరు లేకపోవుట గురించి.

విశ్రాంత విలేకరినైన నేను నివేదించుకొనునది ఏమనగా:

1. ఆ శ్మశానంలో నంబరు రాళ్లు మట్టిలో కూరుకుపోయిన 312 సమాధుల జాడను 1996 నుంచి రెండేళ్లపాటు, ప్రతి ఆదివారం వెళ్లి నేనే నోటుపుస్తకంలో రాశాను. గేటు నుంచి ఎన్ని అంగలు వేయాలో, ఎటు తిరగాలో అందులో ఉంది.

2. అదే పనిని తమ పథకం ఉద్యోగి శ్రీ శ్యామ్‌సుందర్ ఫోన్‌తో పదకొండు రోజుల్లో ముగించారు. ఆయన వయసు ముప్పై ఒకటి. పటంపై ఆయన పేరు రెండు చోట్ల ఉంది.

3. బంధువులెవరు వచ్చినా కాపలా చూసే యాదవ్వ వారిని ఆయన దగ్గరికే పంపుతోంది. ఇదేమిటని అడిగితే, "నువ్వు అంగలు లెక్కవెట్టేలోపు గా సారు జాగ సూపిచ్చి, ఆళ్లకు చాయ్ గూడ తాపిచ్చిండు. నువ్వు జర కూసో సారూ" అన్నది. ఈ మాట విచారించదగినది.

4. జీపీఎస్ తప్పని రుజువు చేయడానికి మా నాన్న సమాధినే ఎంచుకున్నాను. రిజిస్టరులో అది 118. నా పుస్తకం ప్రకారం గేటు నుంచి నేరుగా అరవై మూడు అంగలు. యాదవ్వ ఎదుటే నడిచాను. ఆగిన చోట మట్టి తీయిస్తే రాయి మీద 109 అని ఉంది.

"గిది నూటతొమ్మిదని గా సారు మొన్ననే చెప్పిండు. మోకాలు ఆపరేషన్ అయినంక నీ అంగ సిన్నగైంది సారూ, నీకే ఎర్కలేదు" అన్నది యాదవ్వ.

ఆపరేషన్ అయి ఏడేళ్లు. ఏటా పెద్దలకు పెట్టుకునే పెత్రమాసకు నాన్నకని నేను పోసిన కల్లు సాక 109కి చేరింది. రిజిస్టరులో ఆ పేరు జానకమ్మ. ఆవిడెవరో నాకు తెలియదు. నా అంగ ఎంత తగ్గిందో కొలత లేదు కనుక, నేను నడిస్తే మిగతా 311 కూడా తప్పే.

అయినను, మొదట లెక్కించినది నేను. పటం అడుగున ఆ మాట ఒక్క వరుస రాయించవలెనని, అక్షరాలు శ్యామ్‌సుందర్ పేరుకన్నా చిన్నవి కారాదని మనవి. తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
విజయేందర్

తా.క.: వచ్చే ఆదివారమే పెత్రమాస. పటం అప్పటికి పెట్టరట. పేరు సంగతి తర్వాత చూడండి. 118 ఎక్కడుందో శ్యామ్‌సుందర్‌తో నా ఫోన్‌కు పంపించండి. నేను అడిగితే అతను వెంటనే ఇస్తాడు, చెయ్యి పట్టుకొని తీసుకుపోతాడు కూడా. అందుకే అడగలేను.