గూటి మీద గొంగడి

నాగమ్మా, మీ అమ్మ రాసుకునేది.

నువ్వు అత్తగారింటికి పోయినాక ఇది రెండో చలికాలం. మొన్న కోళ్ల గూటికి ఎర్రమట్టి మెత్తి, లోపల కొర్రగడ్డి పరిచినా. అయినా సందుల్లో గాలి కొడతాంది. అటక మీద నీ గొంగడి ఊరికే ఉంది గదా అని దించి, గూటి మీద కప్పినా.

మరుసనాడు ఎండ వాకిట్లోకొచ్చినా పుంజు కూయలా. దాన్ని నమ్ముకోని పండుకున్న మీ నాయన లేచేసరికి ఊరంతా చేలకు పోయింది. "ముసల్ది అయింది, ఇయ్యాల దీన్ని కూర చెయ్యే" అని కత్తి తీసినాడు.

నువ్వున్నప్పుడూ ఒక చలికాలం పుంజు ఇట్లే కూయకుంటే అదే మాటన్నాడు. నువ్వు పుంజును చంకన పెట్టుకోని పెద్దమ్మోళ్లింటికి ఉరికినావు. ఆ చలికాలమంతా నువ్వు గొంగడి లేకుండా ముడుచుకోని పండుకుంటివి. ఏందే అంటే "ఉక్కగా ఉందమ్మా" అంటివి. రాత్రి నీ గొంగడి గూటికి కప్పి, మేం లేచేలోపల తీసి దాచేదానివి గాబోలు. దొంగదానా, ఇప్పటికి దొరికినావు! గొంగడి కప్పితే గూట్లో చీకటి. ఇంక పుంజుకు తెల్లారినట్టు ఎట్ల తెలుస్తాది?

ఈ సంగతి చెప్తే మీ నాయన కత్తి పక్కన పెట్టినాడు. "ఓహో, తల్లీ కూతుళ్లు కలిసి నన్ను నిద్రపుచ్చినారన్నమాట!" అని ఒకటే నవ్వు.

ఈ పొద్దు కూడా కప్పినా. తూరుపు పక్క జానెడు తెరిచి పెట్టినా.

అప్పుడే నాతో చెప్పింటే, నా గొంగడి నీకు ఇద్దును గదే.