తొగుట దారి మీద మట్టి సిపాయిలు

1991, శుక్రవారం రాత్రి

మేడగదిలో నేను ఒక్కదాన్నే ఆడుకునే యుద్ధాన్ని ఇవాళ పోలీసులు చూశారు. ఖాళీ చేసి వెళ్లిన కిరాయిదారు కోసం ఇల్లంతా వెతుకుతూ పైకి వచ్చారు. నేల మీద సుద్దతో గీసిన దారి, వంతెన, అటూ ఇటూ మట్టి సిపాయిలు. పాచిక వేసి రెండు దండులనూ నేనే నడుపుతాను. ఒక దండుకు జాజు పూశాను. ఆ ఎరుపు నక్సలైటు అన్నలదనిపిస్తుందని నాకు తోచనే లేదు.

"ఏందమ్మా గిది?" అన్నాడు ఎస్సై.

"కాన్వెంటుల సదివిచ్చినా బొమ్మలాట మానలే సారూ," అంది వాళ్ల వెనకే పైకొచ్చిన మా అవ్వ.

కానిస్టేబుల్ నవ్వాడు. ఎస్సై నవ్వలేదు. వంగి, రంగు పూయని సిపాయిని ఒకడిని తీసి వంతెన మీద పెట్టాడు.

"తొగుట తొవ్వల బ్రిడ్జి గదా? గీడ కాపలా లేకుంటె ఎట్ల?" అని దిగిపోయాడు.

నాకు బాగా తెలిసిన దారి అదొక్కటే, అందుకే గీశాను. ఈ మాట ఆయనకు ఎవరు చెబుతారు?

బాపు అంతా తుడిచెయ్యమన్నాడు. ఎర్ర దండును బకెట్లో నానేశాను. దారిని, వంతెనను తడిబట్టతో తుడిచేశాను. ఆ ఒక్క సిపాయిని మాత్రం ముట్టుకోలేకపోయాను. ఎస్సై పెట్టిన చోటే నిలబడి ఉన్నాడు. నా ఆటలో ఇంకొకరు ఎత్తు వెయ్యడం ఇదే మొదలు.

ఇప్పుడు వంతు నాది.